సరళక్క అర క్యాసెట్టు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ధైర్యం చూపించుకోవడానికి ఈ మాట అనడం లేదు. తిరుత్తణిలో నాది సౌండ్ సర్వీసు. పెళ్ళిళ్ళకు, చెవులు కుట్టే వేడుకలకు, తిరునాళ్ళకు మైకులూ స్పీకర్లూ కట్టేది నేనే. ఎవరూ మాట్లాడకుండానే స్పీకర్లో గొంతు వినిపించిందని హడలిపోయి నాకు ఫోన్ చేసినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఒక ఊళ్ళో అయితే అమ్మవారు పలికిందని హారతి కూడా ఇచ్చేశారు. నేను వెళ్ళి చూస్తే, వైరు అతుకు తడిసి ఎక్కడిదో రేడియో స్టేషన్ పట్టుకుంది. అమ్మవారు అప్పుడు ఎరువుల ప్రకటన చదువుతోంది.

అనుమానం పెనుభూతం అంటారు. నేనైతే అనుమానం వస్తే వైరు పట్టుకుని చివరిదాకా పోతాను. ఎక్కడో ఒకచోట తెగిన ముక్కో, తుప్పుపట్టిన పిన్నో దొరుకుతుంది. ఇన్నేళ్ళలో దొరకకుండా పోయింది ఒక్కసారే. అది మా అక్క సంగతి కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు మా నాన్న అంగడి గురించి చెప్పాలి. ఇప్పుడు నేను స్పీకర్లు దాచుకునే గదిలోనే అప్పట్లో ఆయన రికార్డింగ్ సెంటర్ నడిపేవాడు. ఖాళీ క్యాసెట్టూ పాటల చీటీ తెచ్చిస్తే, ఒక్కో పాటా వెతికి ఎక్కించి ఇచ్చేవాడు. తెలుగు పాటలూ తమిళ పాటలూ రెండూ దొరికే చోటు మా వీధిలో అదొక్కటే. తెలుగు పాటల పేర్లు కూడా చీటీల్లో తమిళ అక్షరాల్లోనే ఉండేవి. మా ఇళ్ళల్లో పిల్లలకు తెలుగు మాట్లాడటం వచ్చు గాని రాయడం రాదు. నాన్న వాటిని పైకి చదివి పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాడు.

కొన్ని చీటీల పైన "అర" అని ఉండేది. ఒక పక్క మాత్రమే పాటలు నింపి, రెండో పక్క ఖాళీగా వదిలెయ్యమని దాని అర్థం. ఇది వయసు పిల్లల పని. తిరువళ్ళూరు కాలేజీకి ఎలక్ట్రిక్ రైల్లో పోయివచ్చేవాళ్ళలో ఎవరు మొదలుపెట్టారో తెలియదు, మా రెండు ఊళ్ళ మధ్య అదొక ఆచారమైపోయింది. మనసుపడ్డ మనిషికి ఒక పక్క ప్రేమ పాటలు ఎక్కించి ఇస్తారు. పుచ్చుకున్నవాళ్ళు రెండో పక్క నింపి తిరిగి ఇవ్వాలి. ప్రేమ పాటలు వస్తే సరేనన్నట్టు. సోగపాటలు, అంటే ప్రేమ పోయి ఏడ్చే పాటలు వస్తే వద్దన్నట్టు. ఇంట్లో పట్టుబడ్డా పాటలే కదా, ఎవరూ ఏమీ అనలేరు. ఖాళీగా తిరిగి రావడం మాత్రం అన్నిటికన్నా అవమానం. వద్దని చెప్పే మర్యాద కూడా మనకు దక్కలేదన్నమాట.

అర క్యాసెట్టుకు నాన్న ఒక పద్ధతి పెట్టుకున్నాడు. క్యాసెట్టు వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలకలుంటాయి. ఒకటి విరిచేస్తే ఆ పక్కన మళ్ళీ రికార్డు చెయ్యడం కుదరదు. పాటలున్న పక్కది విరిచేసి, ఖాళీ పక్కది అలాగే ఉంచి ఇచ్చేవాడు. ఎవరికని ఏనాడూ అడిగినవాడు కాదు. తన కూతురు కూడా ఒకటి చేసుకుందని ఆయనకు చివరిదాకా తెలియదు.

సరళక్క నా సొంత అక్క. ఆమె తిరువళ్ళూరులో చదువుతున్నప్పుడు రఘు అనే పాండూరు అబ్బాయి అదే కాలేజీలో ఉండేవాడు. వాళ్ళూ తెలుగువాళ్ళే, సేద్యం చేసుకునే కుటుంబం. మాది వ్యాపారం చేసే కులం. రెండు ఇళ్ళల్లోనూ ఒప్పుకునే మాట కాదు. అయినా అక్క, నాన్న భోజనానికి లోపలికి వెళ్ళిన సమయాల్లో, రోజుకొక పాట చొప్పున దొంగతనంగా ఎక్కించి, అర క్యాసెట్టు చేసి రఘుకు ఇచ్చింది. నేను అప్పుడు బడికి పోయే వయసువాణ్ణి. వాకిట్లో కాపలా ఉన్నాను కాబట్టి నాకు తెలుసు.

రఘు క్యాసెట్టు పుచ్చుకున్న కొన్నాళ్ళకే కాలేజీకి రావడం మానేశాడు. పచ్చకామెర్లు అన్నారు, దానికి తోడు తగ్గని దగ్గు. పసరు మందు తాగించారు, చెన్నై ఆసుపత్రిలో చూపించారు, మళ్ళీ ఇంటికి తెచ్చారు. చాలా వారాలు మంచంలోనే ఉండి, పోయాడు. ఆ తర్వాత అతని చెల్లెలు వనజ కాలేజీ గేటు దగ్గర నిలబడి, అక్క కోసం అడిగి, ఏమీ మాట్లాడకుండా క్యాసెట్టు చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

రెండో పక్క ఖాళీ. అక్క తను విన్నది చాలక నాకు హెడ్‌ఫోన్ పెట్టి వినమంది. మొదటినుంచి చివరిదాకా విన్నాను. బుస్సుమనే టేపు శబ్దం తప్ప ఏమీ లేదు. ఆ తర్వాత కూడా ఇంట్లో ఎవరూ లేనప్పుడల్లా దాన్నే పెట్టుకుని కూర్చునేది.

అక్కను పట్టుకున్నది ఒకటే ప్రశ్న. వద్దనుకుని ఖాళీగా ఉంచాడా, నింపాలనుకుని ఓపిక లేక ఉంచేశాడా? చచ్చిపోయినవాణ్ణి ఎవరు అడుగుతారు? వచ్చిన సంబంధాలన్నీ ఏదో ఒక వంక పెట్టి తిప్పికొట్టింది. అమ్మ తల బాదుకుంది. నాన్న మాట్లాడటం మానేశాడు. ఇద్దరూ పోయారు. అక్క తిరువళ్ళూరులో ఒక ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగం చేసుకుంటూ, వీరరాఘవస్వామి గుడి వెనక వీధిలో ఒంటరిగా ఉండిపోయింది. యాభై దాటింది.

ఇలాంటప్పుడు ఒక సంబంధం వచ్చింది. దామోదరం గారని, ఆత్తిపట్టులో ఉంటారు, థర్మల్ పవర్ స్టేషన్‌లో ఉద్యోగం. భార్య పోయి చాలా ఏళ్ళయింది. కూతురికి పెళ్ళి చేసి పంపాక, ఆ అమ్మాయే తండ్రి కోసం సంబంధం వెతకడం మొదలుపెట్టింది. మనిషి నెమ్మదస్తుడు. అక్క మొదటిసారిగా వద్దనలేదు. సరేనని కూడా అనలేదు. "ఆడి నెలలో మంచి మాట ఇయ్యకూడదు, ఆవణి పుట్టినాక చెప్తాను" అంది. మా వైపు ఆడి మాసంలో, అంటే తమిళుల ఆషాఢంలో, పెళ్ళి మాట ఎత్తరు కాబట్టి, తర్వాతి నెల ఆవణి దాకా ఆగడానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. అది వాయిదా వెయ్యడమేనని నాకు తెలుసు. ఇది కూడా చేజారితే ఇక ఇంకొకటి రాదు. అది అక్కకూ తెలుసు.

ఆడి మొదట్లో ఒక మధ్యాహ్నం అక్క నా అంగడికి వచ్చింది. హ్యాండ్‌బ్యాగులోంచి ఆ క్యాసెట్టు తీసి బల్ల మీద పెట్టింది.

"రేయ్ కుమారూ, దీన్ని ఫోన్లోకి ఎక్కించి ఇయ్యి. నా దగ్గర ఇప్పుడు టేప్ రికార్డర్ లేదు. ఒక్కసారి వినేసి, ఆయనకు జవాబు చెప్తాను" అంది.

పాత పెళ్ళి క్యాసెట్లను పెన్‌డ్రైవులోకి మార్చడం నేను చేసే పనే. డెక్కు హెడ్ స్పిరిట్‌తో తుడిచి, వైరు కంప్యూటర్‌కు కలిపి, మొదటి పక్క పెట్టాను. పాటలు బాగానే వచ్చాయి. స్క్రీన్ మీద శబ్దం గీతలు గీతలుగా ఎగిసిపడింది. తర్వాత తిప్పి రెండో పక్క పెట్టాను. గీత నేలకు అతుక్కుపోయింది. వాల్యూమ్ పెంచి చూశాను. బుస్సుమనే శబ్దమే. మా ఆవిడ లత కాఫీ తెచ్చి అక్కడే కూర్చుంది. ముగ్గురం ఆ ఖాళీ పక్కను చివరిదాకా విన్నాం. అక్క కళ్ళు స్క్రీన్ మీదనుంచి తియ్యలేదు. టేపు ఆగిపోయాక "అట్లనే ఉండాది" అని మాత్రం అంది.

నా పద్ధతి ఒకటుంది. ఖాళీగా ఉన్నా సరే, రెండు పక్కలూ ఎక్కించి నా దగ్గర ఒక కాపీ ఉంచుకుంటాను. లేకపోతే అందులో ఇంకేదో ఉండేదని తర్వాత పోట్లాటకు వచ్చేవాళ్ళున్నారు. ఎక్కించడం అయ్యాక, పొరపాటున చెరిగిపోకుండా వెనక పలకలు కూడా విరిచేస్తాను. ఈ క్యాసెట్టుకు నాన్న పద్ధతిలోనే అక్క ఒకటి అప్పట్లోనే విరిచి ఉంచింది. రెండోది నేను విరిచాను. కలిసిపోకుండా లత దాని మూల మీద గోళ్ళ రంగుతో ఎర్ర చుక్క పెట్టింది. ఇవన్నీ ఇంత వివరంగా ఎందుకు చెప్తున్నానో ముందుకు పోతే తెలుస్తుంది.

మా కొండ మీది గుడిలో జరిగే ఆడి కృత్తిక తిరునాళ్ళలో నాకు ఊపిరి తిప్పుకోను తీరికుండదు. కావళ్ళు మోసుకొచ్చే జనంతో తిరుత్తణి ఇసుక వేస్తే రాలదు. ఆ సందడి అయిపోయిన ఆదివారం దామోదరం గారు కొండకు దర్శనానికి వస్తానన్నారు. తిరువళ్ళూరులో అక్కను కార్లో ఎక్కించుకుని వచ్చి, మా ఇంట్లో భోంచేసి వెళ్ళాలని ఏర్పాటు. నేను పొద్దున్నే రైలెక్కి తిరువళ్ళూరు వెళ్ళి, వాళ్ళతోపాటు అదే కార్లో తిరిగి రావాలట. ఆఫీసులో మగవాళ్ళందరినీ గడగడలాడించే మనిషికి కార్లో తమ్ముడు తోడు కావాలట. ఆ మాటే అంటే అక్క నన్ను చూసిన చూపుకు నోరు మూసుకున్నాను.

దామోదరం గారిది పాత కారు. అందులో క్యాసెట్టు ప్లేయర్ ఇంకా ఉంది, పని చేస్తోంది కూడా. పక్క తిప్పక్కర్లేదు, ఒక పక్క అయిపోతే దానంతటదే రెండో పక్కకు మారుతుంది. ఆయనకు దాని మీద ఎంత ప్రేమంటే, కారు అమ్మమంటే ప్లేయర్ కోసం అమ్మనంటారు. ఆయన ప్రయాణాలకని ఎప్పుడో నింపించుకున్న పాటల క్యాసెట్లు డ్యాష్‌బోర్డు నిండా ఉన్నాయి.

నేను ముందు సీట్లో, అక్క వెనక సీట్లో కూర్చున్నాం. ఊరు దాటుతుండగా అక్క నా భుజం మీదుగా ఆ క్యాసెట్టు అందించింది. నేను బిత్తరపోయాను. అంతకుముందే ఫోన్లో రఘు సంగతంతా ఆయనకు చెప్పేసిందట. దాచి పెళ్ళి చేసుకునే రకం కాదు మా అక్క. ఆయన అంతా విని, ఆ క్యాసెట్టు తీసుకురండి, కలిసి విందాం అన్నారట. రెండో పక్క ఖాళీ అని అక్క చెప్పిందో లేదో నాకు తెలియదు. ఆయన స్థానంలో నేనుంటే అలా అనలేను.

మొదటి పక్క మొదలైంది. అప్పటి ప్రేమ పాటలు. నాకు సిగ్గుతో ఎటు చూడాలో తోచలేదు. ఆయన మాత్రం స్టీరింగ్ మీద వేళ్ళతో తాళం వేస్తూ, మధ్యమధ్య గొంతు కలుపుతూ నడిపారు. ఇది కల్పించిన కథ అయితే, పాండూరు దగ్గరికి రాగానే ఏదో జరిగిందని రాసి ఉండేవాణ్ణి. ఏమీ జరగలేదు. పాండూరు వచ్చింది, పోయింది. అక్క కిటికీలోంచి చూసింది, అంతే.

కనకమ్మసత్రం దాటాక మొదటి పక్క అయిపోయింది. టక్కుమని ప్లేయర్ రెండో పక్కకు మారింది. బుస్సుమనే శబ్దం మొదలైంది.

"ఇంకేమీ లేదు సార్, ఖాళీ. తీసేస్తాను" అన్నాను.

"ఉండనీ తంబీ" అన్నారాయన.

కాసేపు ఆ బుస్సుతోనే పోయాం. మళ్ళీ చెయ్యి చాపాను. బటన్ మీద నా వేలు ఉండగానే పాట మొదలైంది.

నా వేలు అక్కడే ఉండిపోయింది. అది అప్పట్లో ప్రతి టీ అంగడిలోనూ మోగిన సోగపాట. ప్లేయర్ రేడియోకు మారిందేమో అనుకున్నాను. మారలేదు, క్యాసెట్టు లోపల తిరుగుతూనే ఉంది. బయటికి తీసేద్దామని బటన్ నొక్కబోతే, వెనకనుంచి అక్క చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"తీయద్దు" అంది.

నేను పొరపాటున ఖాళీ అన్నాననుకున్నారేమో దామోదరం గారు. మంచి పాట, మా ఆవిడకు కూడా ఇష్టంగా ఉండేది, అని ఏదో చెబుతున్నారు. అంతలో అద్దంలో అక్క ముఖం చూశారు. కారు రోడ్డు పక్కకు తీసి, వేపచెట్టు కింద ఆపారు. ప్లేయర్ మాత్రం ఆపలేదు.

అది అంగడిలో ఎక్కించిన పాట కాదు. రేడియో ముందు టేప్ రికార్డర్ పెట్టి, మైకుతో పట్టిన పాట. డెక్కులు లేని ఇళ్ళల్లో అలాగే చేసుకునేవాళ్ళు. అలా పడితే పాటతోపాటు గదిలో చప్పుళ్ళు కూడా పడతాయి. కోడి అరిచింది. ఎవరో బిందె దించారు. పాట మధ్యలో ఒక మగమనిషి దగ్గాడు.

ఆ పాట అయిపోగానే బటన్ నొక్కిన టక్కు, తర్వాత ఇంకొక పాట. అదీ సోగపాటే. తర్వాతిదీ అంతే. తమిళం, తెలుగు, మళ్ళీ తమిళం. ఒక్కో పాటకూ ఆ దగ్గు ముదురుతూ వచ్చింది. చివరికి వచ్చేసరికి పాటకన్నా దగ్గే ఎక్కువ వినిపించింది. ఆ దగ్గు రఘుదేనని నాకు సందేహం మిగల్లేదు. అది ఒక్కరోజులో పట్టిన పని కాదు. మంచంలో ఉన్న మనిషి రోజుల తరబడి, రేడియోలో సోగపాట వచ్చినప్పుడల్లా లేచి పట్టింది. అతను నోరు తెరిచి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. చివరి పాటలో మాత్రం కాస్త దూరం నుంచి ఒక ఆడగొంతు వినబడింది.

"చిట్టీ, కంజి తాగి పండుకో నాయనా."

పాట సగంలో తెగిపోయింది. తర్వాత బుస్సుమనే శబ్దం.

అదే క్యాసెట్టు, అదే పక్క. నేనే కదా కూర్చుని ఆ ఖాళీని విన్నాను. లత విన్నది, అక్క విన్నది. వెనక్కి తిరిగి అక్కను చూడాలంటే భయమేసింది. ఎలాగో తిరిగాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవడం లేదు. కోపంగా ఉంది. అంత కోపం ఆమె ముఖంలో నేనెప్పుడూ చూడలేదు.

"వేండామన్నాడు" అంది, వద్దన్నాడని. "పోతానని తెలిసి, నన్ను వేండామన్నాడు. అప్పుడే చెప్పి ఉంటే ఏమి రా? ఇన్నేండ్లకా చెప్పేది?"

దామోదరం గారు నీళ్ళ బాటిల్ మూత తీసి వెనక్కి ఇచ్చారు. అక్క తాగింది. కొంగుతో మూతి తుడుచుకుంది. ఆ తర్వాత ఆయనతో అన్న మాటకు నేను రెండోసారి నిర్ఘాంతపోయాను.

"మీకు ఇష్టమైతే నాకు సమ్మతమే."

రాహుకాలంలో కూరగాయలు కూడా కొనని మనిషి మా అక్క. అలాంటిది రోడ్డు పక్కన, కార్లో కూర్చుని పెళ్ళికి మాట ఇస్తోంది. అక్కా, ఇంకా ఆడి పోలేదే అని గొణిగాను. ఆయన కూడా ఆవణి దాకా ఆగుదామన్నారు.

"నేను ఆగింది చాలు" అంది అక్క.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని కారు స్టార్ట్ చేశారు.

ఇంటికి వెళ్ళేసరికి లత ఆకులు వేస్తోంది. నేను తిన్నగా అంగడి గదిలోకి పోయి క్యాసెట్టు నా డెక్కులో పెట్టాను. రెండో పక్క మోగింది. కోడి, బిందె, దగ్గు, అన్నీ ఉన్నాయి. లత గరిటె చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, "ఇదే కదా ఆ పొద్దు ఖాళీగా ఉన్నింది" అని గుమ్మం పట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది. ఆరోజు మా ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు.

ఆ వారమంతా నేను వేరే పని ముట్టుకోలేదు. క్యాసెట్టు మారిపోయిందా? ఎర్ర చుక్క ఉంది, నాన్న అంగడి ముద్ర ఉంది, తమిళ అక్షరాల్లో అక్క రాసిన పాటల పేర్లు ఉన్నాయి. ఎవరైనా మధ్యలో రికార్డు చేశారా? వెనక పలకలు రెండూ లేవు, ఆ కంతల్లో కాగితం కుక్కిన ఆనవాలు గాని జిగురు గాని లేదు. కారు ప్లేయర్‌కు రికార్డు చేసే వసతే లేదు, అక్క ఇంట్లో టేప్ రికార్డరే లేదు. నా డెక్కు తప్పా? వేరే క్యాసెట్లు పెట్టి రెండు పక్కలూ చూశాను, అన్నీ సవ్యంగా మోగాయి. టేపును హెడ్‌కు అదిమి పట్టే మెత్తటి ముక్క ఊడితే శబ్దం రాదు, కానీ రెండు పక్కలకూ అదొకటే ముక్క, మొదటి పక్క ఆరోజు బాగానే వచ్చింది. నా కంప్యూటర్లో ఆరోజు ఎక్కించిన ఫైలు తెరిచాను. గీత నేలకు అతుక్కునే ఉంది. చెన్నైలో స్టూడియో మెషిన్లు బాగుచేసే నా స్నేహితుడికి ఆ ఫైలూ, ఇప్పుడు కొత్తగా ఎక్కించినదీ రెండూ వినిపించాను. ఇవి రెండు వేర్వేరు క్యాసెట్లు అన్నాడు. కాదంటే, నువ్వు విశ్రాంతి తీసుకోవాలి అన్నాడు.

చివరికి పాండూరు వెళ్ళాను. వనజ అక్కడే ఉంటోందని విన్నాను. భర్తకూ ఆ ఊళ్ళోనే పొలం. నన్ను గుర్తుపట్టలేదు. ఎవరి తమ్ముణ్ణో చెప్పాక మంచం వాల్చి కూర్చోమంది. ఆ క్యాసెట్టు సంగతి అడిగితే బాగా జ్ఞాపకం ఉందంది. అన్న తలగడ కింద దొరికిందట. అక్కకు ఇచ్చే ముందు స్నేహితురాలి ఇంట్లో రెండు పక్కలూ పెట్టి విన్నదట. రెండో పక్కలో ఏమీ లేదని ఆమే చెప్పింది. వాళ్ళింట్లో రేడియో ఉండేది గాని టేప్ రికార్డర్ ఏనాడూ లేదంది.

నేను ఫోన్లో ఎక్కించుకుని వెళ్ళింది వినిపించాను. పాటలు వింటున్నంతసేపూ ఆమె ముఖంలో మార్పు లేదు. దగ్గు విన్నప్పుడు తల దించుకుంది. ఆ ఆడగొంతు రాగానే మాత్రం లేచి నిలబడింది.

"అది మా అమ్మ" అంది. "అన్నను చిట్టీ అని మా అమ్మ ఒక్కతే పిలిచేది. ఇంకెవురూ పిలవరు."

నాకు తెలిసి మా అక్కకు ఆ పేరు తెలియదు. ఇంటికి పోయాక అడిగితే తెలియదనే అంది. వనజ నాతో ఆ ముక్కను మళ్ళీ మళ్ళీ పెట్టించుకుంది. ఇది ఎలా సాధ్యమని ఆమె ఒక్కసారి కూడా అడగలేదు. "మా అమ్మ గొంతు నా దగ్గర యాడా లేదు అన్నా. ఫోటో ఉండాది గాని గొంతు లేదు" అని ఏడ్చింది. ఆమె ఫోన్లోకి ఎక్కించి ఇచ్చాను.

బయలుదేరుతుంటే, మీ అక్క ఎట్ల ఉండాది అని అడిగింది. పెళ్ళి కుదిరిందని చెప్పాను. ఏమనుకుంటుందో అని జంకుతూనే చెప్పాను. వనజ ఇంట్లోకి వెళ్ళి చాలాసేపటికి బయటికి వచ్చింది. చేతిలో పళ్ళెం, అందులో పసుపు, కుంకుమ, జాకెట్టు గుడ్డ, మూర మల్లెపూలు ఉన్నాయి. మా ఇంటినుంచి ఇయ్యాల్సింది, మీ అక్కకు ఇయ్యి అంది. అవన్నీ సర్దిన సంచి ఒళ్ళో పెట్టుకుని బస్సులో తిరుత్తణి దాకా ఎలా వచ్చానో నాకే తెలియదు. కళ్ళు తుడుచుకుంటుంటే పక్కనున్న పెద్దాయన దుమ్ము పడిందా అని అడిగాడు.

ఆవణిలో కొండ మీద అక్క పెళ్ళి జరిగింది. వనజ ఇచ్చిన జాకెట్టు గుడ్డ కుట్టించుకుని, అదే తొడుక్కుంది. ఇప్పుడు ఆత్తిపట్టులో ఉంటోంది. దామోదరం గారిని బావా అని పిలవడం నాకు అలవాటైంది. మొన్న వెళ్ళినప్పుడు క్యాసెట్టు తీసుకెళ్ళి ఇవ్వబోతే అక్క వద్దంది. ఇద్దరమే ఉన్నప్పుడు, ఆరోజు కార్లో నీకు భయం వెయ్యలేదా అని అడిగాను.

"ఎందుకురా భయం? జవాబు రానన్ని రోజులూ భయపడినాను. వచ్చినాక ఎందుకు?" అంది.

నాకు మాత్రం వేసింది. ఇప్పటికీ వేస్తోంది. ఒకే క్యాసెట్టు, ఒకే పక్క, నా చేత్తోనే రెండుసార్లు ఎక్కించాను. ఒక ఫైల్లో ఏమీ లేదు. ఇంకొకదాన్లో ఒక మనిషి దగ్గుతూ మా అక్కను వదిలిపెడుతున్నాడు. రెండూ నా దగ్గర ఉన్నాయి. ఈ ఒక్కదానికి వైరు ఎటు పోయిందో నాకు దొరకలేదు.